ఫెయిలైంది నేను కాదు, టెస్టు

తార్నాకలో మెట్రో ఎక్కితే రాయదుర్గం చేరేసరికి ముప్పావుగంటకి అటూ ఇటూ. సీటు దొరికిన రోజున ఆ ముప్పావుగంటా నేను లెక్కలు చేసుకుంటాను. ఒళ్ళో లాంగ్ నోట్‌బుక్కు, చేతిలో పెన్సిలు, బ్యాగులో రబ్బరు. ఒకరోజు మెట్టుగూడలో ఎక్కిన పెద్దాయన పక్కనే కూర్చుని, కాసేపు నా నోట్‌బుక్కులోకి తొంగి చూసి, "పిల్లలకు ట్యూషన్ చెప్తరా అమ్మా?" అని అడిగాడు. "లేదండీ, నాకే" అన్నాను. ఆయనకి ఏమనాలో తోచలేదు. అమీర్‌పేటలో దిగేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి "మంచిగ రాయండి" అన్నాడు.

నాకు 39 ఏళ్ళు. ఆన్‌లైన్‌లో 12 వారాల క్యాలిక్యులస్ కోర్సులో చేరాను. సగం సీరీస్, అంటే అంతులేకుండా కలుపుకుంటూ పోయే మొత్తాలు, సగం మల్టీవేరియబుల్, అంటే ఒకటికి మించి వేరియబుల్స్ ఉండే లెక్కలు. వారం వారం అసైన్‌మెంటు, చివర సెంటరుకి వెళ్ళి రాసే పరీక్ష. ఆఫీసులో ఈ సంగతి తెలిసినవాళ్ళు రెండు రకాలు. "ఏఐకి బాగా పనికొస్తుంది, మంచి పని చేశారు" అనేవాళ్ళు కొందరు. "ఇప్పుడెందుకండీ, అదంతా కంప్యూటరే చేసేస్తుంది కదా" అనేవాళ్ళు కొందరు. నాకు రెండు మాటలూ నచ్చవు. ఎందుకు నచ్చవో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ కోర్సు 20 ఏళ్ళ కింద ఒకసారి చదివాను. చదివాను అనడం పెద్దమాటే. బీటెక్ ఫస్టియర్‌లో ఎం-వన్, అంటే మొదటి మ్యాథ్స్ పేపరు. అవుటర్ రింగ్ రోడ్డు ఇంకా లేని రోజుల్లో, సిటీ బయట పొలాల మధ్య కాలేజీ. పేపర్లో ఎనిమిది ప్రశ్నలు ఇచ్చేవారు, ఐదు రాస్తే చాలు, ఒక్కోటి 16 మార్కులు. మా చదువంతా ఆ ఏర్పాటులోనే ఉంది. యూనిట్‌కో ప్రశ్న కాబట్టి మూడు యూనిట్లు నిశ్చింతగా వదిలేయొచ్చు. అందరూ వదిలేసే మొదటి యూనిట్, పుస్తకంలోనూ మొదటి యూనిట్టే. సీక్వెన్సెస్ అండ్ సీరీస్. "దాన్ని ముట్టుకోకండి, లాప్లాస్ చూసుకోండి, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చూసుకోండి, గట్టెక్కుతారు" అని సీనియర్ల ఉపదేశం. నేనూ ముట్టుకోలేదు. అయినా గట్టెక్కలేదు, 80కి 24 వచ్చాయి. సప్లిమెంటరీలో బయటపడ్డాను, అప్పుడూ సీరీస్ జోలికి పోలేదు.

మళ్ళీ ఎందుకు మొదలుపెట్టానంటే, ఒక ప్రశ్న వల్ల. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, నా పక్కన కూర్చుని ఒక మోడల్ ట్రైనింగ్ చూస్తోంది. స్క్రీన్ మీద లాస్, అంటే మోడల్ ఎంత తప్పుతోందో చెప్పే అంకె, తగ్గుతూ తగ్గుతూ ఒకచోట నిలబడింది. "కన్వర్జ్ అయింది, ఆపెయ్" అన్నాను. ఆ అమ్మాయి ఆపలేదు. "కన్వర్జ్ అయిందని ఎట్లా తెలుస్తది మేడమ్?" అంది. "తగ్గడం ఆగిపోయింది కదా" అన్నాను. "ఆగిపోవుడు, చేరుడు ఒకటేనా?" అంది.

తొమ్మిదేళ్ళుగా ఆ మాట రోజూ వాడుతున్నాను. జవాబు చెప్పలేకపోయాను. టీ తాగొద్దాం పద అన్నాను.

*

కోర్సు మొదటివారంలోనే ఆ ప్రశ్న ఎదురొచ్చింది, వేరే బట్టల్లో. ఒకటికి సగం కలుపు, మూడో వంతు కలుపు, పావు కలుపు, ఐదో వంతు కలుపు, ఇలా పో. హార్మోనిక్ సీరీస్. కలిపే ముక్క చిన్నదైపోతూ సున్నా వైపు నడుస్తోంది, కాబట్టి మొత్తం ఎక్కడో ఒకచోట ఆగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. మొత్తం 10 దాటాలంటే 12,367 ముక్కలు కలపాలి. పది లక్షల ముక్కలు కలిపినా 14.39 దగ్గరే ఉంటాం. 100 దాటాలంటే కావాల్సిన ముక్కల లెక్క, 1 పక్కన 43 సున్నాలు పెట్టినదానికన్నా ఎక్కువ. ఇంత బద్ధకంగా పెరిగేది ఏ హద్దు దగ్గరా ఆగదంటే నమ్మబుద్ధి కాదు.

కానీ ఆగదు. 14వ శతాబ్దంలో నికోల్ ఒరెమ్ అనే ఫ్రెంచి పండితుడు చెప్పిన కారణం పోపు వేగేలోపు అర్థమైపోతుంది. మూడో వంతూ పావూ కలిపితే సగం కన్నా ఎక్కువ, ఎందుకంటే రెండు పావులే సగం, మూడో వంతు పావు కన్నా పెద్దది. తర్వాతి నాలుగూ, అంటే 1/5 నుంచి 1/8 దాకా, ఏదీ ఎనిమిదో వంతుకి తక్కువ కాదు. నాలుగు ఎనిమిదో వంతులు మళ్ళీ సగం. ఆ తర్వాత ఎనిమిది ముక్కలు కలిపితే ఇంకో సగం, ఆ తర్వాత పదహారు కలిపితే ఇంకో సగం. ప్రతిసారీ రెట్టింపు ముక్కలు కావాలి, అందుకే అంత ఆలస్యం. కానీ సగాలకి కరువు లేదు. సగం సగం పేర్చుకుంటూ పోయేవాడికి ఏ గోడా ఎత్తు కాదు.

రుజువు చదివాక కూడా నాలోని సాఫ్ట్‌వేర్ మనిషి ఊరుకోలేదు. పాప పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి పది లైన్ల ప్రోగ్రామ్ రాశాను, 32 బిట్ల సింగిల్ ప్రెసిషన్‌లో. 20,97,152 ముక్కలు కలిసేసరికి మొత్తం 15.4037 దగ్గర నిలబడిపోయింది. ఇంకో కోటి ముక్కలు కలపమన్నాను. చివరి అంకె కూడా కదల్లేదు. మొత్తం పెద్దది, కొత్తగా వచ్చే ముక్క మరీ చిన్నది, యంత్రం దాచుకోగలిగిన అంకెల్లో ఆ ముక్కకి చోటు లేదు. కోట్ల రూపాయల బిల్లులో పైసా రౌండాఫ్‌లో పోయినట్టు ప్రతి ముక్కా పోతోంది. ఇంకో తమాషా ఏమిటంటే, అన్ని ముక్కల దగ్గర అసలు మొత్తం 15.13 ఉండాలి. అంటే ఆగడమూ అబద్ధమే, ఆగిన చోటూ అబద్ధమే.

ఆ రాత్రి మా టీమ్ అమ్మాయికి మెసేజ్ పెట్టాను, "ఒకటి కాదు" అని. దేని గురించో ఆమెకి అర్థం కావడానికి తెల్లారింది.

నేను చెప్పదలుచుకున్నదీ ఇదే. ఈ కోర్సు నేర్పేది లెక్క చెయ్యడం కాదు. లెక్క చెయ్యబోయే ముందు, "అసలు జవాబు అనేది ఒకటి ఉందా?" అని అడగడం. విలువ ఎంత అన్నది రెండో ప్రశ్న. మన దగ్గర పదహారేళ్ళ పిల్లల్ని పట్టుకుని రెండో ప్రశ్న మాత్రమే నేర్పుతాం, రెండేళ్ళ పాటు, రోజుకి పన్నెండు గంటలు. పేరు ఈఏపీసెట్ అని మార్చినా మా ఇళ్ళలో అందరికీ ఇంకా ఎంసెట్టే. అందులో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, సగం లెక్కలవి. ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులు అచ్చేసి ఉంటాయి. జవాబు ఉంటుందా ఉండదా అన్న అనుమానం అక్కడ ఎవరికీ రాదు, వచ్చినవాడు వెనకబడతాడు. అలా తయారైన పిల్ల కాలేజీకి వచ్చి మొదటి యూనిట్ తెరవగానే, ఏ విలువా అడగని ప్రశ్న కనిపిస్తుంది. కన్వర్జెంటా, డైవర్జెంటా? అంటే, మొత్తం ఒకచోట చేరుతుందా, చేరదా? అంతే. జవాబు అంకె కాదు, తీర్పు. కాళ్ళ కింద చాప లాగేసినట్టు ఉంటుంది. మేం ఆ యూనిట్ వదిలేసింది కష్టమై కాదని ఇప్పుడనిపిస్తుంది. అది మాకు లెక్కలా కనిపించలేదు.

*

కనిపించకుండా చేసే ఏర్పాట్లు కూడా బాగానే ఉంటాయి. అటక మీద దొరికిన నా పాత నోట్సులో, క్లాసులో బోర్డు మీద నుంచి దించుకున్న పేజీ ఒకటి ఉంది. కంపారిజన్ టెస్ట్, రేషియో టెస్ట్, రూట్ టెస్ట్, రాబే టెస్ట్, లాగరిథమిక్ టెస్ట్, ఇంటిగ్రల్ టెస్ట్, లైబ్నిట్జ్ టెస్ట్. ఇది పనిచెయ్యకపోతే అది, అది పనిచెయ్యకపోతే ఇంకోటి, జ్వరం తగ్గకపోతే డాక్టరు మందు మార్చినట్టు. రేషియో టెస్టు కింద నా చేతిరాతే: ఒకటి కన్నా తక్కువైతే కన్వర్జెంట్, ఎక్కువైతే డైవర్జెంట్, ఒకటి వస్తే "సీరీస్ ఫెయిల్స్".

సీరీస్ ఫెయిలవడం ఏమిటి? పుస్తకంలో ఉన్నది "టెస్ట్ ఫెయిల్స్" అని. ఫెయిలయ్యేది పరీక్షించే పద్ధతి. ఒక ముక్కకీ దాని వెనక ముక్కకీ నిష్పత్తి చూసి తీర్పు చెప్పే పద్ధతి అది. హార్మోనిక్ సీరీస్‌కి ఆ నిష్పత్తి ఒకటి వైపే నడుస్తుంది. 1, 1/4, 1/9, 1/16 అని వర్గాలు కింద పెట్టిన సీరీస్‌కీ ఒకటి వైపే నడుస్తుంది. మొదటిది అనంతానికి పోతుంది. రెండోది బుద్ధిగా 1.6449 దగ్గర చేరుతుంది. అది కచ్చితంగా పై స్క్వేర్ బై ఆరు అని ఆయిలర్ 1730ల్లో కనిపెట్టాడు. ఇద్దరు పిల్లలకీ ఒకే మార్కులు వేసి, ఇంతకన్నా నాకు తెలియదు అని ఒప్పుకుంటోంది ఆ టెస్టు. తనకి తెలియనిచోట తెలియదు అనే పరీక్ష నా చదువులో అదొక్కటే ఎదురైంది. దాన్ని కూడా పిల్ల ఫెయిలైనట్టు రాసుకున్నాను, చూడండి.

ఇంకో సంగతి, నన్ను నిజంగా రెండు రోజులు ఆఫీసు పని చెయ్యనివ్వనిది. కిరాణా కొట్టులో బియ్యం ముందు కొట్టినా చింతపండు ముందు కొట్టినా బిల్లు మారదు. ఒకటవ తరగతి నుంచి మన నమ్మకం అది. ఇప్పుడు 1 మైనస్ సగం ప్లస్ మూడో వంతు మైనస్ పావు ప్లస్ ఐదో వంతు, ఇలా ఒక ప్లస్ ఒక మైనస్ చొప్పున కలుపుకుంటూ పోతే మొత్తం 0.6931 దగ్గర చేరుతుంది. అవే ముక్కల్ని ఒక ప్లస్, రెండు మైనస్‌ల చొప్పున కలపండి. ఒక్క ముక్క తీసెయ్యలేదు, ఒక్కటి కొత్తగా చేర్చలేదు, వరస మాత్రం మార్చాం. మొత్తం 0.3466. సరిగ్గా సగం.

నమ్మకపోతే పెన్సిలు తీసుకోండి, నేనూ నమ్మలేదు. 1 మైనస్ సగం మైనస్ పావు, తర్వాత 1/3 మైనస్ 1/6 మైనస్ 1/8, తర్వాత 1/5 మైనస్ 1/10 మైనస్ 1/12. ప్రతి గుంపులో మొదటి రెండూ కలిపి చూస్తే, 1 మైనస్ సగం అంటే సగం. 1/3 మైనస్ 1/6 అంటే 1/6. 1/5 మైనస్ 1/10 అంటే 1/10. మిగిలింది సగం మైనస్ పావు ప్లస్ 1/6 మైనస్ 1/8 ప్లస్ 1/10 మైనస్ 1/12. పాత సీరీస్‌నే ప్రతి ముక్కా సగం చేసి పెట్టినట్టు. బేగంపేట దాటాక ఈ లైను నా చేత్తో రాశాను. అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కుతుంటే నోట్‌బుక్కు మూసి ఊరికే కూర్చున్నాను.

కారణం తెలిశాక వింత తగ్గలేదు, పెరిగింది. ప్లస్ ముక్కలన్నీ విడిగా కలిపితే అనంతం, మైనస్‌వన్నీ విడిగా కలిపినా అనంతమే. రెండు అడుగులేని జేబులున్నవాడు దీంట్లోంచి కాసేపు, దాంట్లోంచి కాసేపు తీస్తూ ఏ మొత్తం కావాలంటే ఆ మొత్తం చూపించగలడు. 19వ శతాబ్దంలో రీమాన్ నిరూపించింది అదే. మైనస్ గుర్తులన్నీ ప్లస్ చేసినా చేరే సీరీస్‌కి మాత్రం ఈ రోగం లేదు, దాన్ని ఎలా తిప్పినా మొత్తం మారదు. "ఆబ్సల్యూట్‌లీ కన్వర్జెంట్" అన్న మాట క్లాసులో రాసుకున్న 20 ఏళ్ళకి, అది ఎందుకు పుట్టిందో తెలిసింది.

*

కాసేపు భాష గురించి. దారి తప్పుతున్నానని తెలుసు.

కన్వర్జెన్స్ నిర్వచనం ఇంగ్లీషులో, క్లాసులో విని విని, నాకు నోటికొచ్చు, ఇరవై ఏళ్ళుగా. "గివెన్ ఎప్సిలాన్ గ్రేటర్ దేన్ జీరో" అని మొదలవుతుంది. అది అర్థమైంది మాత్రం తెలుగులో, పందెంలా చెప్పుకున్నాక. నువ్వు ఎంత చిన్న తేడా అయినా అడుగు. ఫలానా ముక్క దాటాక మొత్తానికీ గమ్యానికీ మధ్య అంత తేడా కూడా ఉండదని నేను చూపిస్తా. నువ్వు ఇంకా చిన్నది అడుగు, నేను ఇంకా దూరపు ముక్క చూపిస్తా. నువ్వు ఏది అడిగినా నేను ఓడిపోకపోతే అది చేరినట్టు. మొండా మార్కెట్లో బేరమాడిన ప్రతివాళ్ళకీ ఇది అర్థమవుతుంది. ముందు అడిగేది ఎవరు, తర్వాత చెప్పేది ఎవరు అన్న వరస తారుమారైతే బేరమే తారుమారవుతుందని కూడా తెలుస్తుంది.

ఈ సీరీస్‌లు మనకి బయటి నుంచి వచ్చిన సరుకు అనుకుంటాం గానీ, 1 మైనస్ మూడో వంతు ప్లస్ ఐదో వంతు మైనస్ ఏడో వంతు అంటూ పోతే వృత్తం తాలూకు పై విలువలో పావు వస్తుందని కేరళలో సంగమగ్రామ మాధవుడి బడి యూరప్ కన్నా రెండు శతాబ్దాలకి పైగా ముందే చెప్పింది. మాధవుడిది 14, 15 శతాబ్దాల కాలం. ఆ సీరీస్ మహా నెమ్మది, వెయ్యి ముక్కలు కలిపినా మూడో దశాంశ స్థానం దగ్గర తడబడుతుంది. మాధవుడి బడివాళ్ళు కలపడం ఆపిన చోట, ఇంకా మిగిలిపోయిన తోక ఎంత ఉండొచ్చో అంచనా కట్టి సవరణ చేర్చారు. మాధవుడి పేరు మీద వచ్చిన విలువ 11 దశాంశ స్థానాల దాకా సరైనది. ఆగిపోవడానికీ చేరడానికీ మధ్య ఉన్న ఎడం ఎంతో లెక్కగట్టారన్నమాట. వీటికి కారణాలు వివరిస్తూ 16వ శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు రాసిన పుస్తకం యుక్తిభాష సంస్కృతంలో లేదు, మలయాళంలో ఉంది. పేరులోనే యుక్తి ఉంది.

మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఉస్మానియా 1918లో మొదలైనప్పుడు అక్కడ చదువు ఉర్దూలో. దానికోసమే అనువాదాల శాఖ పెట్టి లెక్కల పుస్తకాలు కూడా ఉర్దూలోకి దించారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. ఇంటర్, డిగ్రీ లెక్కల పుస్తకాలకి అవధి, శ్రేణి, అభిసరణ, అపసరణ, పాక్షిక అవకలనం అన్న మాటలు స్థిరపడ్డాయి. మాటలకి లోటు లేదు. ఆ మాటలతో మాట్లాడుకోవడమే లేదు. అభిసరణ అన్న మాట ఎంత చక్కటిదైనా, దాని వెనక పందెం ఎవరూ చెప్పకపోతే అదీ ఇంకో ఎప్సిలానే. నేను తెలుగు మాధ్యమం కోసం వాదించడం లేదు. ఏ భాషలో చెప్పినా, "ఎందుకు?" అన్నది మాత్రం పిల్ల తనలో తాను మాట్లాడుకునే భాషలో చెప్పమంటున్నాను.

*

మా అక్క కొడుకు ఉప్పల్‌లో ఉంటాడు, బీటెక్ ఫస్టియర్. వాడిదీ నాదీ సిలబస్ దాదాపు ఒకటే కాబట్టి ఆదివారాలు వాడి డైనింగ్ టేబుల్ దగ్గర ఇద్దరం కూర్చుంటాం. మల్టీవేరియబుల్ మొదలుపెట్టిన వారం వాడి క్లాస్ నోట్సు చూసి నాకు నా "సీరీస్ ఫెయిల్స్" గుర్తొచ్చింది.

లిమిట్ అంటే, ఒక బిందువు దగ్గరికి పోతుంటే లెక్క విలువ చేరే చోటు. ఒక వేరియబుల్ ఉన్నప్పుడు ఆ బిందువు పట్టాల మీద స్టేషన్ లాంటిది. బ్లూ లైన్‌లో బేగంపేటకి నాగోలు వైపు నుంచి రావాలి, లేదా రాయదుర్గం వైపు నుంచి రావాలి. రెండువైపుల నుంచీ చూస్తే పనైపోయింది. రెండు వేరియబుల్స్ రాగానే పట్టాలు పోయి మైదానం వస్తుంది. పరేడ్ గ్రౌండ్ మధ్యలో నిలబడ్డ మనిషి దగ్గరికి ఎటు నుంచైనా రావొచ్చు, నేరుగా రావొచ్చు, వంకర తిరుగుతూ రావొచ్చు. అన్ని దారుల్లోనూ ఒకే విలువ వస్తేనే లిమిట్ ఉన్నట్టు.

వై ఈక్వల్ టు ఎమ్ ఎక్స్ అంటే మధ్యలోకి వచ్చే తిన్నటి దారి, ఎమ్ దాని వాలు. వాడి నోట్సులో ఉన్నది: "వై ఈక్వల్ టు ఎమ్ ఎక్స్ పెట్టు. జవాబులో ఎమ్ మిగిలితే లిమిట్ లేదు. ఎమ్ పోతే లిమిట్ ఉంది."

"మొదటి సగం కరెక్టు. రెండో సగం తప్పు" అన్నాను.

"మా సార్ చెప్పిండు చిన్నమ్మా."

"చెప్పనియ్యి. ఇది చెయ్." పైన ఎక్స్ స్క్వేర్ ఇంటూ వై. కింద ఎక్స్ పవర్ ఫోర్ ప్లస్ వై స్క్వేర్. ఎక్స్, వై రెండూ సున్నాకి పోతే ఏమవుతుంది?

వాడు చకచకా ఎమ్ ఎక్స్ పెట్టాడు. పైనా కిందా ఎక్స్ స్క్వేర్ కొట్టేశాడు. పైన ఎమ్ ఎక్స్ మిగిలింది, కింద ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎమ్ స్క్వేర్. ఎక్స్ సున్నాకి పోతే మొత్తం సున్నా. "ఏ ఎమ్ అయినా సున్నానే. నిలువు గీత మీద వచ్చినా సున్నానే. లిమిట్ ఉంది, సున్నా" అన్నాడు, ఎంసెట్ వేగంతో.

"వై ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ మీద రా."

పైన ఎక్స్ పవర్ ఫోర్. కింద ఎక్స్ పవర్ ఫోర్ ప్లస్ ఎక్స్ పవర్ ఫోర్. వాడి పెన్ను ఆగింది. ఆ దారి పొడుగునా విలువ సగమే. ఎంత దగ్గరికొచ్చినా సగమే. అన్ని తిన్నటి దారులూ సున్నా అంటుంటే, ఒక్క వంపు దారి సగం అంటోంది. లిమిట్ లేదు.

"ఇది ఎగ్జామ్ల రాదు" అన్నాడు కాసేపాగి. కోపంగానే అన్నాడు.

అక్క వంటింట్లోంచి "ఏంరా, చిన్నమ్మ మీద అరుస్తున్నవ్?" అంది.

ఆ సార్‌ని నేను పెద్దగా అనను. అరవై మంది పిల్లలు, ఐదు యూనిట్లు, మధ్యలో రెండు మిడ్‌లు. అవి పోగా మిగిలే క్లాసుల్లో ఎవరైనా ఎమ్ ఎక్స్ దగ్గరే ఆగుతారు. లిమిట్ లేదని చెప్పడానికి కొట్లాడుకునే రెండు దారులు చాలు. ఉందని చెప్పడానికి మాత్రం వెయ్యి దారులు చూసినా చాలదు, దారితో పనిలేని వాదన కావాలి, దూరం తగ్గితే విలువ తేడా కూడా తగ్గితీరుతుందన్న హామీ కావాలి. పందెం మళ్ళీ అదే. అది చెప్పడానికి గంట పడుతుంది. ఆ గంట ఎవరి టైమ్‌టేబుల్లోనూ లేదు. కానీ లేదు కాబట్టి తప్పు చెప్పొచ్చా అంటే, నేను ఒప్పుకోను. "ఎమ్ పోతే ఈ పద్ధతి ఏమీ తేల్చలేదు" అని చెప్పడానికి అర నిమిషం చాలు. రేషియో టెస్టు ఆ మాట చెప్తుంది కదా, మనం ఎందుకు చెప్పం?

ఒక షరతు కింద గరిష్టమో కనిష్టమో వెతికే లగ్రాంజ్ పద్ధతి దగ్గర కూడా ఇదే గొడవ. ఈ రాష్ట్రంలో బీటెక్ చదివిన వాళ్ళని నిద్రలో లేపి అడగండి, ఎలిప్సాయిడ్‌లో, అంటే నొక్కిన బంతిలాంటి ఆకారంలో, ఇమిడే అతి పెద్ద పెట్టె ఘనపరిమాణం ఎంత అని. ఎనిమిది ఏ బీ సీ బై మూడు రూట్ మూడు అంటారు. సమాధానం సరైనదే. అక్కడ గరిష్టం ఉంటుందని ముందే ఎందుకు తెలుసో అడిగితే మాత్రం మొహాలు చూసుకుంటాం. ఎలిప్సాయిడ్ గిరిగీసుకుని ఉంది, అంచు కూడా అందులోనే ఉంది, ప్రమేయానికి తెంపులు లేవు. అందుకని గరిష్టం ఉండి తీరుతుంది. లాంబ్డా పెట్టి సాధిస్తే దొరికేవి అభ్యర్థులు మాత్రమే.

అభ్యర్థుల్ని విజేతలనుకుంటే ఏమవుతుందో చూడండి. ఎక్స్ ఇంటూ వై ఒకటి అన్న షరతు మీద ఎక్స్ ప్లస్ వై గరిష్టం ఎంత? లగ్రాంజ్ చకచకా రెండు బిందువులు చేతిలో పెడతాడు. రెండూ ఒకటైన చోట మొత్తం 2. రెండూ మైనస్ ఒకటైన చోట మొత్తం మైనస్ 2. రెండింట్లో 2 పెద్దది కాబట్టి గరిష్టం 2 అని రాసేస్తాం. ఎక్స్‌ని 100 చేసి వైని 1/100 చెయ్యండి. మొత్తం 100 దాటింది. గరిష్టమే లేదు. మనం గరిష్టమని రాసిన 2, తన వైపున కనిష్టం. మైనస్ 2, తన వైపున గరిష్టం. ఈ లెక్కలో స్థానిక కనిష్టం స్థానిక గరిష్టం కన్నా నాలుగు ఎక్కువ! అల్లుడు మామ కన్నా పెద్దవాడైనట్టుంది.

డబుల్ ఇంటిగ్రల్స్‌లో "చేంజ్ ఆఫ్ ఆర్డర్" కూడా ఊరికే జరిగేది కాదని, ఎక్స్ ముందా వై ముందా అన్నదాన్ని బట్టి ఒక లెక్క ఒకవైపు పై బై నాలుగు, రెండోవైపు మైనస్ పై బై నాలుగు ఇస్తుందని తొమ్మిదో వారంలో చూశాను. కిరాణా బిల్లు మళ్ళీ వచ్చిందిరా అనుకున్నాను.

ఏఐకి పనికొస్తుంది అనేవాళ్ళ మాట ఎందుకు నచ్చదంటే, పనికొచ్చేంత మేరకే చదవమంటారు. గ్రేడియెంట్ అంటే నిటారుగా ఎక్కే దిక్కు, దానికి ఎదురుగా దిగితే లాస్ తగ్గుతుంది. వానాకాలం తార్నాక రోడ్ల మీద నీళ్ళకి ఇది ఎవరూ నేర్పలేదు. అంతవరకే తెలిసిన నేను తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేశాను, జీతం పెరిగింది, ఎవరూ పట్టుకోలేదు. నిలబడిపోయిన ప్రతి లాస్‌నీ చేరిందన్నాను. అది లోయో, గుర్రపు జీను మీద మధ్యభాగమో, 15.4037 లాంటి బొంకో అడగలేదు. కంప్యూటర్ చేసేస్తుంది అనేవాళ్ళకి చెప్పేది ఇంకా చిన్నది. నా కంప్యూటర్ అబద్ధం చెప్పిందని పట్టుకోవడానికి, కంప్యూటర్ పుట్టకముందు ఆరువందల ఏళ్ళ నాటి ఒరెమ్ మాట కావాల్సొచ్చింది.

నన్నడిగితే ఏడు టెస్టుల్లో నాలుగు తీసెయ్యొచ్చు. రాబే పోయినా లాగరిథమిక్ పోయినా నాకు బాధ లేదు. బదులుగా హార్మోనిక్ సీరీస్‌కి వారం ఇవ్వండి. వరస మార్చితే మొత్తం మారే లెక్కకి ఇంకో వారం ఇవ్వండి. పేపర్లో ఒక్క ప్రశ్న, "ఈ కింది లెక్కలో జవాబు వచ్చింది, అయినా తప్పు, ఎక్కడ?" అని ఇవ్వండి. మూల్యాంకనం కష్టమంటారు, నిజమే. మొదటి యూనిట్ మొత్తం వదిలేసి ఇంజనీర్లమైన బ్యాచ్ మాది. దిద్దడం మాత్రం ఎంతో తేలిక.

ఆ ఆదివారం మా అక్క కొడుకు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పప్పుచారు వడ్డిస్తుంటే కూడా ఫోన్లోనే ఉన్నాడు. సోమవారం రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, నోట్‌బుక్కు పేజీ, మూల మీద టీ మరక. వై ఈక్వల్ టు ఎక్స్ క్యూబ్ మీద వెళ్ళి చూశాడు, సున్నా వచ్చింది, కొట్టేశాడు. దాని కింద వై ఈక్వల్ టు కె ఎక్స్ స్క్వేర్. కె బై ఒకటి ప్లస్ కె స్క్వేర్. దాని కింద మెసేజ్:

"చిన్నమ్మా, ఒక్కో కె కి ఒక్కో జవాబు వస్తుంది. మాగ్జిమమ్ ఎంతనో కూడా చూసిన. సగమే. నువ్వు ఇచ్చిన దారే టాప్."

"కె మైనస్ అయితే?" అని పెట్టాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. "టైపింగ్" అని వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది.